ప్రశ్నావళీ భాషాంతరీకరణ విచారము

ఉపోద్ఘాతము

గ్రంథములను భాషాంతరీకరించుటను గూర్చి మన పండితులు పెక్కువిధములఁ జర్చించియున్నారు. పురాణములను, నాటకములను, శాస్త్రములను దెనిఁగించినవారి రీతులు చదువరులకుఁ దెలిసినవే. కాని రసముగాని యలంకారముగాని లేక, పదివాక్యములు మాత్రమే కలిగి, ప్రతివాక్యమునకు నెదుట నొక యంకెను గుర్తించుటకై యేర్పడిన చిన్నపత్రమును భాషాంతరీకరించుట కష్టమని యెవ్వరు తలఁతురు? నేనును దలఁపలేదు. ఆ కార్యము నా చేతికి వచ్చి, నేను వ్రాసినది నాకే నవ్వు పుట్టించిన పిదప, ఇది విచారింపఁదగిన విషయమని తోఁచినది.

నా నివాసము మంచిర్యాల జిల్లాలోని శ్రీరాంపూరు. ఇది సింగరేణి బొగ్గుబావుల ప్రాంతము. ఇచ్చటి కాలనీలలోఁ బ్రతిదినము బావిలోనికి దిగువారును, రిటైరై యింటఁ గూర్చున్నవారును, గల్ఫు దేశములకుఁ బోయి కొంతకాల మచ్చటఁ గష్టపడి తిరిగివచ్చినవారును నిరుగుపొరుగుల నుందురు. వీరిలో సెల్‌ఫోను లేనివా రరుదు. బ్యాంకు లెక్క, పింఛను, రైలుటికెట్టు, దూరదేశమందున్న కొడుకుతోడి మాట, ఇవి యన్నియు నేఁడు ఫోనులోని యాప్‌ల మూలముననే జరుగుచున్నవి.

మా బంధువులలో నొక యువకుఁడు సాఫ్టువేరు పనిలో నున్నాఁడు. అతఁ డొకనాఁ డాంగ్లప్రశ్నాపత్రము నొకదానిని దెచ్చి, ‘దీనిని దెలుఁగు చేసి యిండు, మన కాలనీవారు ఒక యాప్‌ను వాడిన పిదప వారి నీ ప్రశ్న లడుగవలెను’ అని కోరెను. నేను రెండుగంటలలోఁ బని ముగించితిని. అక్కఱలేని చిక్కులు గలదను నర్థమున ‘అనావశ్యకజటిలము’ అని యొక సమాసమును గూర్చి, దాని బిగువునకు నాలో నేనే సంతసించితిని. మఱునాఁడు మా యింటి యరుగుమీఁద, కోల్‌ఫిల్లరుగాఁ బనిచేసి రిటైరైన పొరుగువానికి దానిని జదివి వినిపించితిమి. ఆయన కొంతసేపు నా మొగము చూచి, ‘పంతులుగారూ! గిది మంచి మాటనా, చెడ్డ మాటనా? మీరే జెప్పుండ్రి, గదే పెడ్త’ నెను. యువకుఁడు నవ్వెను. నేను పత్రమును మడిచి జేబులోఁ బెట్టుకొంటిని.

సమాసము నిర్దుష్టము, వ్యాకరణము నిర్దుష్టము, కాని ప్రశ్న యడుగఁబడనేలేదు. అందుచేత నిట్టి కార్యమును దీర్ఘమైన వ్యాకరణసంప్రదాయము గల మఱియొక భాషవారు, అనఁగా అరబ్బులు, ఎట్లు నిర్వహించిరో తెలిసికొనఁబూనితిని. ఆ విచారఫలమే యీ వ్యాసము.

ప్రశ్నావళీ స్వరూపము

ఒక సాఫ్టువేరు తన్ను వాడువానికి ఎంత యనుకూలముగా నుండునో యా గుణమునకు ‘ఉపయోగసౌకర్యము’ అని యిచ్చటఁ బేరిడుచున్నాను. అంతర్జాతీయప్రమాణసంస్థవారు 1998లోఁ బ్రకటించి 2018లో సంస్కరించిన 9241-11 అను సంఖ్యగల ప్రమాణము దీనికి మూఁ డంగములు చెప్పుచున్నది: తలపెట్టిన పని నెఱవేఱుట, అది స్వల్పప్రయాసముతో నెఱవేఱుట, నెఱవేర్చినవానికిఁ దృప్తి కలుగుట. మొదటి రెంటిని బ్రక్కనుండి చూచి, తప్పులను లెక్కించి, గడియారముతోఁ గొలిచి తెలిసికొనవచ్చును. మూఁడవది మనస్సులోనిది. దాని నడిగియే తెలిసికొనవలెను. అడుగుటకు భాష కావలెను. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఇట్టి ప్రశ్నావళులు పెక్కు కలవు. వానిలో మిక్కిలి ప్రచారము గాంచినది ‘సిస్టమ్ యూజబిలిటీ స్కేల్’ అనునది. దీనిని 1986లో ఇంగ్లండునందు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను కంప్యూటరు కంపెనీలోఁ బనిచేయుచుండిన జాన్ బ్రూక్ రచించెను. 1996లో నది గ్రంథరూపమునఁ బ్రకటితమయ్యెను. ఇందుఁ బది వాక్యములు కలవు. బేసివాక్యములు వస్తువును మెచ్చుకొనునట్టివి. సరివాక్యములు దానిని దప్పుపట్టునట్టివి. ప్రతివాక్యమునకు 1 మొదలు 5 వఱకు నంకెలుండును. ‘బొత్తిగా నొప్పుకొనను’ అనువాఁడు 1ని, ‘పూర్తిగా నొప్పుకొందును’ అనువాఁడు 5ను గుర్తింపవలెను.

గణనవిధాన మిట్టిది. బేసివాక్యమునకు వచ్చిన యంకెనుండి 1ని దీసివేయవలెను. సరివాక్యమునకు వచ్చిన యంకెను 5నుండి తీసివేయవలెను. ఇట్లు వచ్చిన పదింటిని గూడి 2.5చే గుణించినచో 0 మొదలు 100 లోపల నొక సంఖ్య వచ్చును. పెక్కు పరీక్షల సగటు 68 ప్రాంతమున నున్నదని యీ శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఒక యుదాహరణము చూతము. ఒకఁడు యాప్ బాగున్నదని తలఁచి బేసివాక్యముల కన్నింటికిని 4ను, సరివాక్యముల కన్నింటికిని 2ను గుర్తించెను. ప్రతివాక్యమునకును 3 చొప్పున మొత్తము 30, 2.5చే గుణింపఁగా 75. ఆ మనుష్యుఁడే, ఆ యభిప్రాయముతోనే, రెండు సరివాక్యములందలి నిందార్థమును గ్రహింపక వానికిఁ గూడ 4ను గుర్తించెననుకొందము. ఆ రెంటికిని 3కు మాఱుగా 1 చొప్పున వచ్చును. మొత్తము 26, గుణింపఁగా 65. మనస్సు మాఱలేదు, యాప్ మాఱలేదు, రెండు వాక్యముల తెలుఁగు మాత్రము తెలియలేదు. దానిచేత సగటుకు మీఁదున్నది సగటుకుఁ గ్రిందికి దిగినది. ఆ సంఖ్యను జూచి యజమానులు యాప్‌ను మార్తురు, లేదా మాన్పుదురు. భాషాంతరకర్త తప్పిదమునకు వాడువాఁడు ఫల మనుభవించును. గద్యకావ్యమును దప్పుగాఁ దెనిఁగించినచో విమర్శకుఁడు పట్టుకొనును; దీనిని దప్పుగాఁ దెనిఁగించినచోఁ బట్టుకొనువాఁ డుండఁడు. ఏలయన, ఫలముగా వచ్చునది వాక్యము కాదు, అంకె. అంకెలో నపశబ్దము కనఁబడదు.

సమానశబ్దము, భిన్నార్థము

మాటకు మాట పెట్టినఁ జాలునని తలఁచువారికి అరబ్బీభాషయే మంచి ప్రత్యుత్తరము. ఆ భాషాపదములు ఫారసీ, ఉరుదూల మార్గమున హైదరాబాదురాజ్యపు కచ్చేరీలనుండి మన తెలుఁగులోనికి వెల్లువగా వచ్చినవి. హైదరాబాదునందు 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ ప్రాచీనారబ్బీగ్రంథములను ముద్రించి ప్రసిద్ధిగాంచినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకై 1917లో నేర్పడిన భాషాంతరీకరణశాఖవారు ఉరుదూలో శాస్త్రపరిభాషను గల్పించునపుడు అరబ్బీధాతువులనే విశేషముగా నాశ్రయించిరి. కాఁబట్టి అరబ్బీ మనకుఁ గేవలము పరదేశి కాదు. అయినను జూడుఁడు:

‘సవాలు’ అనునది అరబ్బీలోఁ బ్రశ్న. మనకు నది పంతము, పోటీకిఁ బిలుపు. ‘తకరారు’ అరబ్బీలో మరలమరల చెప్పుట. మనకు జగడము. ‘గలీజు’ అరబ్బీలో దట్టమైనది, మొరటైనది. మనకు మురికి. ‘ఫికరు’ అరబ్బీలో నాలోచన. తెలంగాణమున దిగులు. ‘తక్లీఫు’ అరబ్బీలో భారము మోపుట, ఒక పనిని విధించుట. మనకు బాధ. ‘మామూలు’ అరబ్బీలోఁ జేయఁబడినది. మనకు వాడుకగానున్నది, కచ్చేరీలలో మఱియొకటి!

ఇందలి ‘మామూలు’ అను పదమునకు మూలమైన ‘అ-మ-ల’ అను త్ర్యక్షరధాతువునుండియే మన ‘అమలు’ వచ్చినది; వాడుట యను నర్థముగల ‘ఇస్తిఅమాల్’ అను శబ్దమును నా ధాతువునుండి వచ్చినదే. నేఁటి అరబ్బీలో ‘ఉపయోగము’నకు ‘ఇస్తిఖ్దామ్’ అను పదమును విశేషముగా వాడుదురు. అది సేవార్థకమైన ‘ఖ-ద-మ’ ధాతువునుండి పుట్టినది. సేవ పుచ్చుకొనుట యని దాని యవయవార్థము. ఉపయోగసౌలభ్యమును ‘సుహూలతుల్ ఇస్తిఖ్దామ్’ అందురు. ధాతువునకుఁ బ్రత్యయములు చేరి యర్థము విస్తరించు క్రమము మన వైయాకరణుల కపరిచితము కాదు. కాని యవయవార్థము వేఱు, రూఢ్యర్థము వేఱు అను భేదముగూడ మనకుఁ దెలిసినదే. ‘పంకజ’శబ్దము బురదలోఁ బుట్టిన ప్రతివస్తువును జెప్పదు గదా. ప్రశ్నావళిలోఁ గావలసినది రూఢి. అదియును గోశములోని రూఢి కాదు, జవాబు చెప్పువాని నోటిలోని రూఢి.

ఈ చిక్కు మూలభాషలోనే కలదు. బ్రూక్ యొక్క యెనిమిదవ వాక్యమునందలి ‘కంబర్‌సమ్’ అను విశేషణము ఆంగ్లము మాతృభాష కానివారికిఁ దెలియుటలేదని 2006లో ఫిన్‌స్టాడ్ అను పరిశోధకుఁడు చూపెను. దానికి బదులు ‘ఆక్‌వర్డ్’ అను తేలికపదమును వాడుట మేలని తేలెను. తమ భాషలోనే తమ పద మందఱకుఁ దెలియదని యాంగ్లేయులు గ్రహింపఁగా, నా ‘అనావశ్యకజటిలము’ గతి యేమగును?

గ్రంథభాషయు వాడుకభాషయు

అరబ్బీకి సాఫ్టువేరుప్రశ్నావళుల విషయమునఁ గలిగిన మొదటి చిక్కు ద్వైవిధ్యము. వ్రాఁతలోను, పాఠశాలలోను, వార్తలలోను నున్న ‘ఫుస్‌హా’ యొకటి. ఇంటిలోను వీధిలోను నున్న ‘ఆమ్మియ్య’ మఱియొకటి. ఈ స్థితికి 1959లో ఫెర్గూసన్ అను భాషావేత్త ‘డైగ్లాసియా’ అను పేరు పెట్టి, అరబ్బీని ముఖ్యోదాహరణములలో నొకటిగాఁ జూపెను. ఫుస్‌హా మొరాకో మొదలు ఒమాను వఱకు నొక్కటియే. ఆమ్మియ్య దేశదేశమునకు వేఱు. ‘ఇప్పుడు’ అనుటకు గ్రంథభాషలో ‘అల్ ఆన’. గల్ఫువారు ‘అల్‌హీన్’ అందురు. ఈజిప్టువారు ‘దిల్‌వఅతి’ అందురు. సిరియా, లెబనానులవారు ‘హల్లఅ’ అందురు. కువైటునఁ గొన్నియేండ్లు బండి నడపి వచ్చిన మా వీధివాఁ డొకఁడు అరబ్బీ గలగల మాటలాడును. ‘ఏమి’ యనుటకు ‘షిను’ అనును. గ్రంథభాషలోని ‘మాదా’ అను పదము నెన్నఁడును వినలేదట! అరబ్బీయక్షర మొక్కటియుఁ జదువలేఁడు. అతఁడు అరబ్బీ మాటలాడువాఁడా, కాఁడా? ప్రశ్నావళి యెవనికొఱకో యా విషయమును మొదట నిర్ణయింపక భాషాంతరీకరణము మొదలిడరాదనుట కతఁడే నిదర్శనము.

2018లోఁ బ్రకటితమైన అరబ్బీ సిస్టమ్ యూజబిలిటీ స్కేలు ప్రమాణభాషనే యాశ్రయించినది. దీని కొక న్యాయము కలదు. దేశమున కొక్కటిగాఁ బ్రశ్నావళులు పుట్టినచో నొకచోటి సంఖ్యను మఱియొకచోటి సంఖ్యతోఁ బోల్చుటకు వీలుండదు. కాని లాభమున్నచోట వ్యయమును గలదు: చదువు తక్కువగా నున్నవాఁడు గ్రంథభాషావాక్యమును జూచి, తెలిసినట్లు నటించి, నడిమి యంకెను గుర్తించును.

ఈ సమస్య తెలుఁగువారికి వింత కాదు. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడినది మొదలు గ్రంథభాష కొక కట్టడి యేర్పడెను. 1911లో నాంధ్రసాహిత్యపరిషత్తు స్థాపితమయ్యెను. గిడుగు రామమూర్తిపంతులుగారు వ్యావహారికపక్షమునను, జయంతి రామయ్యపంతులుగారు గ్రాంథికపక్షమునను నిలిచి చేసిన వాదము లీ పత్రికవంటి పత్రికలు చదువువారికిఁ గంఠస్థములు. నేను గ్రాంథికమున వ్రాయువాఁడనని చదువరులు చూచుచునే యున్నారు; దానిని విడుచు నుద్దేశము నాకు లేదు. అయినను నొప్పుకొనక తప్పదు: ప్రశ్నావళి గ్రంథము కాదు. అది యొక మనుష్యుఁడు మఱియొక మనుష్యుని ముఖాముఖిగా నడుగుట. అడుగునపుడు భాషపై నధికారము జవాబు చెప్పువానిది. శ్రీరాంపూరులో ‘సులభము’ అనుటకంటె ‘అల్కగ’ అనినచోఁ దొందరగాఁ దెలియును. కాని యీ పదము కృష్ణా, గుంటూరు జిల్లాలలోఁ దెలియకపోవచ్చును. కాఁబట్టి అరబ్బులవలెనే మనకును రెండు ధర్మములు పరస్పరవిరుద్ధముగా నెదురగును: అందఱకు నొక్కటి కావలెను; ప్రతివానికిఁ దనది కావలెను. ప్రాంతభేదము లేని పదము దొరకినచో దానిని గ్రహించి, దొరకనిచోఁ బ్రాంతపదమును బ్రక్కన వివరణముగా నిచ్చుట మధ్యమమార్గమని నా యభిప్రాయము.

లింగవచనములు

ఆంగ్లములో ‘యూ’ అను పదము స్త్రీపురుషభేదము నెఱుఁగదు. అరబ్బీలో మధ్యమపురుషము పురుషునకు ‘అంత’, స్త్రీకి ‘అంతి’. విధ్యర్థక్రియలోఁ గూడ భేదము కలదు: పురుషుని ‘ఇఖ్తర్’ అని, స్త్రీని ‘ఇఖ్తారీ’ అని కోరుకొనుమనవలెను. ప్రశ్నావళియందలి సూచనలన్నియుఁ బుంలింగముననే యున్నచో స్త్రీకి నవి తన్నుద్దేశించినవి కావను భావము కలుగవచ్చును. ఉత్తమపురుషక్రియలో లింగభేదము లేదు. కాని విశేషణము వచ్చినచో మరల భేద మేర్పడును. ధైర్యము, నమ్మకము గలవాఁడు ‘వాసిఖ్’, గలది ‘వాసిఖ’. ఈ చిక్కు దాఁటుటకు విశేషణమును విడిచి, ‘నేను నమ్మకమును బొందుచున్నాను’ అను నర్థముగల నామప్రయోగమును జేయుట యొక యుపాయము.

తెలుఁగునను సరిగా నిదియే. ‘నేను ధైర్యవంతుఁడను’ అనినచో స్త్రీ యేమి చేయును? ‘నాకు ధైర్యముగా నున్నది’ అని షష్ఠ్యర్థకమైన ‘కు’ప్రత్యయముతో నడిపినచో లింగము తొలఁగును, వాక్యమును సహజమగును. మనభాషలో మనోభావములు కర్తనుండి పుట్టినవిగాఁ గాక, అతనికిఁ గలిగినవిగానే చెప్పఁబడును: నాకుఁ దెలియును, నాకు నచ్చినది, నాకు విసుగు వచ్చినది. ఆంగ్లవాక్యములోని కర్తను గర్తగానే దింపి, ‘నేను దీనిని సులభమైనదిగాఁ గనుఁగొంటిని’ అని వ్రాయువాఁడు తెలుఁగక్షరములలో నాంగ్లము వ్రాసినవాఁడే. ఇఁక ‘నీవు, మీరు’ అను గౌరవభేదము మన విశేషము. ఇరువదియేండ్ల కుఱ్ఱవాఁడు అఱువదియేండ్ల కార్మికుని ‘నీవు’ అని యడిగినచో జవాబు రాదు. వచ్చినను నది యాప్‌ను గూర్చినది కాక, ఆ కుఱ్ఱవానిని గూర్చినదై యుండును.

నఞర్థవిచారము

వైయాకరణుల కిందు మిక్కిలి రుచించు భాగ మిది. నిషేధము రెండువిధములని మనవారు చెప్పుదురు. నఞ్ నామముతోఁ గలిసినచోఁ బర్యుదాసము. క్రియతోఁ గలిసినచోఁ బ్రసజ్యప్రతిషేధము. ‘అసులభము’ మొదటిది, ‘సులభము కాదు’ రెండవది. మొదటిదానిలో సులభభిన్నమైన యొక గుణము విధింపఁబడును. రెండవదానిలో సులభత్వము నిషేధింపఁబడును. దానికి మాఱుగా మఱేదియు విధింపఁబడదు. అరబ్బీలో నీ భేదము శబ్దములచేతనే స్ఫుటము. ‘గైర్ సహ్ల్’ అనునది పర్యుదాసమును బోలినది. ‘లైస సహ్లన్’ అనునది ప్రసజ్యమును బోలినది. ‘గైర్’ మనకుఁ గొత్తది కాదు. ‘గైరుహాజరు’లో ‘హాజరు’తోఁ గూడ నదియు మన బావుల మస్టరుపుస్తకములవఱకు వచ్చినది.

సరివాక్యము ప్రసజ్యనిషేధముతో నున్నదనుకొనుఁడు. ‘ఇది సులభము కాదు’ అని పత్రము చెప్పును. యాప్ సులభమని తలఁచువాఁడు ‘ఒప్పుకొనను’ అని గుర్తింపవలెను. కాదన్నదానిని గాదనవలెను. నిషేధముపై నిషేధము వచ్చి మనస్సు తడఁబడును. అందుచేత సరివాక్యములను నఞ్‌తోఁ గాక, దోషవాచకమైన పదముతో, ‘దీనిలోఁ జిక్కులు ఎక్కువ’ అను రీతిని, భావరూపముగాఁ జెప్పుట మేలు. అప్పుడు నిషేధ మొక్కటియే, అదియును జవాబులో నుండును.

పాశ్చాత్యులును దీనిని జర్చించిరి. వాక్యము లన్నియు మెచ్చుకోలుగానే యున్నచో నేమగునని 2011లో సౌరో, లూయిస్ అనువారు పరీక్షించి, సంఖ్యలలోఁ జెప్పఁదగిన భేదము లేదనియు, వ్యతిరేకవాక్యములవలన వాడువారును గణించువారును బొరపడుచున్నారనియుఁ జెప్పిరి. వారే 2017లోఁ బెక్కు జవాబులను బరిశీలించి, పదివాక్యములును రెండు గుంపులుగాఁ జీలుచున్నవనియు, ఆ చీలిక యర్థభేదమువలనఁ గాక మెచ్చుకోలు, తప్పుపట్టుట యను ధోరణిభేదమువలననే కలుగుచున్నదనియుఁ దేల్చిరి. మన పూర్వులు నఞర్థమునకుఁ బ్రత్యేకవాదములు రచించుట వ్యర్థశ్రమ కాదని దీనివలనఁ దెలియుచున్నది.

అయినను వ్యతిరేకవాక్యములకు నొక ప్రయోజనము కలదు. అన్నింటికిని ‘అవును’ అను స్వభావము కలవాఁడు పదింటికిని 5 గుర్తించినచో, బేసివాక్యములకు 20, సరివాక్యములకు 0. గుణింపఁగా 50 మాత్రమే వచ్చును. అతని మర్యాద యాప్‌కు నూఱు సంపాదించిపెట్టదు. మా ప్రాంతమున నిది చిన్నవిషయము కాదు. అడుగువాఁడు ఆఫీసునుండి వచ్చెనని తెలిసినచోఁ జాలు, ‘బాగానే ఉంది సార్’ అను జవాబు సిద్ధము. ఆ ‘బాగానే’లోని యవధారణార్థకమైన ఏకారము, బాగులేదనుటను మర్యాదగా దాఁచుచున్నదని తెలుఁగువాఁ డెఱుఁగును; అంకె యెఱుఁగదు.

లిపి యొక్క దిక్కు

అరబ్బీ కుడినుండి యెడమకు వ్రాయఁబడును. కాని సంఖ్యలో నెక్కువ విలువగల యంకె యెడమవైపుననే యుండును. 1 మొదలు 5 వఱకు గళ్లను గీయునపుడు, చదువరి దృష్టి కుడినుండి మొదలగును. ఆంగ్లపత్రమందలి గళ్లను దిప్పక యట్లే యుంచినచో, మొదట కంటఁబడునది ‘పూర్తిగా నొప్పుకొందును’ అను గడియై, జవాబులు దానివైపునకు మొగ్గవచ్చును. పదమును మార్చుటయే కాదు, పుటను దిప్పుటయు భాషాంతరీకరణమే.

ప్రతిభాషాంతరీకరణము

సరియైన క్రమమును శాస్త్రజ్ఞు లిట్లు చెప్పుదురు. ఇద్దఱు వేర్వేఱుగా భాషాంతరీకరింతురు. రెండు పాఠములను బోల్చి యొకటి నిర్ణయింతురు. మూలమును జూడని మూఁడవవాఁడు దానిని మరల నాంగ్లమునకు మార్చును. మూలముతో నది కలియుచున్నదా యని చూతురు. ఈ ప్రతిభాషాంతరీకరణపద్ధతిని 1970లో బ్రిస్లిన్ అనువాఁడు ప్రసిద్ధము చేసెను. పాఠనిర్ణయమునకై వ్రాఁతప్రతులను సరిపోల్చు మనకిది నచ్చు పద్ధతియే.

కాని దీని నొక్కదానినే నమ్మరాదు. నా ‘అనావశ్యకజటిలము’ను మఱియొక పండితుని కిచ్చినచో నతఁడు దానిని దప్పులేకుండ నాంగ్లమునకు మార్చును. మూలముతో నక్షరాల కలియును. పరీక్షలో నెగ్గును. అరుగుమీఁది కోల్‌ఫిల్లరునకు మాత్రము తెలియదు. పండితునినుండి పండితునకుఁ బోయి వచ్చిన వాక్యము పండితులకుఁ దెలియునని మాత్రమే సిద్ధించును. అంతేకాదు, ఎంత సంస్కృతసమమైన పద మైన నంత బాగుగా వెనుకకు మరలును. ఎంత సహజమైన నానుడి యైన నంత కష్టముగా మరలును. కావున నీ పరీక్ష యొక్కటియే ప్రమాణమైనచో మంచి తెలుఁగు ఓడిపోవును.

దీనికి విఱుగుడు, కొందఱి నెదుటఁ గూర్చుండఁబెట్టి, వాక్యమును జదివించి, ‘దీనికి నీమాటలలో నర్థము చెప్పుము, ఈ యంకె నేల పెట్టితివి?’ అని యడుగుట. శాబ్దబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావలెనని మన శాస్త్రము చెప్పుచున్నది. ఆ మూఁడును వాక్యమున నున్నను, శ్రోతకు బోధము కలిగినదా లేదా యని శ్రోతనే యడిగి తెలిసికొనుట యీ క్రొత్తశాస్త్రము మనకు నేర్పిన పాఠము.

ప్రామాణ్యపరీక్ష

ఇంతతోఁ బని ముగియదు. భాషాంతరీకృతమైన ప్రశ్నావళిని దగినంతమంది చేతఁ బూరింపించి, గణితముచేతఁ బరీక్షింపవలెను. ఇందు రెండు గుణములు ముఖ్యములు: స్థిరత్వము, యథార్థత్వము.

మా ప్రాంతమువారికి కాటా యుదాహరణముచే నివి సులభముగా బోధపడును. ఒకే బొగ్గులారీని కాటామీఁదికి రెండుమాఱు లెక్కించినపుడు రెండుమాఱులు నొకే తూకము వచ్చినచో నా కాటా స్థిరము. కాని ప్రతిమాఱును రెండుటన్నులు హెచ్చుగాఁ జూపు కాటాకూడ స్థిరమే! అది స్థిరము, యథార్థము కాదు. ప్రశ్నావళియు నట్లే. వాక్యము లన్నియు నొకదానితో నొకటి యెంత పొందియున్నవో కొలుచుటకు 1951లో క్రాన్‌బాక్ వివరించిన ‘ఆల్ఫా’ యను సంఖ్యను వాడుదురు. ఇది 1కి దగ్గఱైనకొలఁది పొందిక హెచ్చు. అయినను ఒకే వాక్యమును బదివిధములఁ జెప్పినను ఆల్ఫా పెరుగును. అరబ్బీయర్థమునఁ దకరారు, అనఁగాఁ బునరుక్తి, పొందికవలెఁ గనఁబడును.

యథార్థత్వము తెలియుటకు వేఱుమార్గములు కావలెను. వస్తువును బాగుగా వాడఁగలిగినవారికి హెచ్చుసంఖ్యయు, తడఁబడినవారికిఁ దక్కువసంఖ్యయు వచ్చుచున్నదా? మంచిదని పేరొందిన యాప్‌కును, చెడ్డదని పేరొందిన యాప్‌కును సంఖ్యలో భేదము కనఁబడుచున్నదా? మఱియొక ప్రశ్నావళి యిచ్చిన ఫలముతో నిది యేకీభవించుచున్నదా? 2018నాఁటి అరబ్బీపాఠకర్తలు వాగ్దోషములు కలవారికై యేర్పడిన యొక యాప్‌ను బరీక్షావస్తువుగాఁ గొని తమ పాఠమును గణితపరీక్షకుఁ బెట్టిరి. భాషాంతరకర్త ‘నాది సరియైనది’ అని తన పాండిత్యమును సాక్ష్యముగాఁ జూపక, వాడువారి జవాబులనే సాక్ష్యముగాఁ జూపుట వారి కార్యమునందలి ముఖ్యగుణము.

ఉపసంహారము

ఇంత విచారించిన పిదప నేను నా పత్రమును మరలఁ జేపట్టితిని. సమాసమును విడిచి ‘దీనిలో అక్కఱలేని చిక్కులున్నాయి’ అని వ్రాసితిని. సరివాక్యములలో నఞర్థమును దొలఁగించితిని. ‘నేను’ అనుచోటుల ‘నాకు’ అని మార్చితిని. మరల నాయన యరుగుమీఁదికి వచ్చినపుడు చదివితిని. ఈమాఱు ఆయన నన్ను జూడలేదు; చేతిలోని ఫోనును జూచి, కొంత యాలోచించి, ‘చిక్కులా? పైసలు పంపేకాడ ఉన్నయి. కడమది అల్కనే’ అనెను. ఆ మాట విన్నపుడు ప్రశ్న యడుగఁబడినదని నాకుఁ దోఁచినది. అయినను నది యొక్కని జవాబు. నా పాఠము స్థిరమని గాని, యథార్థమని గాని చెప్పుటకు నాకింకను నధికారము లేదు. దానికిఁ బెక్కుమంది జవాబులును, గణితజ్ఞుని సాయమును గావలెను.

ఈ పని యువకులదనియు, యంత్రశాస్త్రజ్ఞులదనియు పాఠశాలాపండితు లుపేక్షింపరాదని నా ప్రార్థన. విభక్తి, లింగము, నఞర్థము, రూఢి, ఇవి మన సొమ్ము. మనము చేయి వేయనిచో నవి తెలియనివారు చేసిన పాఠములే మన జనుల నోళ్లకుఁ బ్రతినిధులగును. మనము చేయి వేసి, మన సమాసములను విడువలేనిచోఁ గూడ ఫల మదియే. బావిలో దిగువాని కష్టసుఖములను గొలుచు కోల సరిగా నుండవలెనన్నచో, కోలను జెక్కువాఁడు మొదట వాని మాట వినవలెను. విజ్ఞులు దీనియందలి గుణదోషములను విచారించి, లోపములను సవరింతురు గాక.